తోకను కాస్త వంచిన అల్ఫోన్స్ పేనో



మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక మన వరండా నిండా కాగితం విమానాలే. ముక్కు నేలకు కొట్టుకునేదాన్ని పిల్లలు తీసుకుని, వెనక అంచును వేలితో కాస్త పైకి వంచి మళ్లీ వదులుతారు. అప్పుడు సాగిపోతుంది. ఎందుకంటారు? ఆ సంగతిని బొమ్మ విమానంతో నిరూపించి చూపిన మనిషి అల్ఫోన్స్ పేనో.

ఆయన 1850లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి నౌకాదళంలో అడ్మిరల్. కొడుకూ అందులోనే చేరాలనుకున్నాడు గానీ తుంటి జబ్బు వల్ల కుదరలేదు. ఆ ఆశ పోయాక మనసు ఎగిరే యంత్రాల మీదికి మళ్లింది.

1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్విలరీ తోటలో, తెలిసినవాళ్ల ఎదుట, ఆయన ఒక బొమ్మ విమానం వదిలాడు. బరువు 16 గ్రాములే! మెలితిప్పిన రబ్బరు విప్పుకుంటూ ప్రొపెల్లర్‌ను తిప్పింది. 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు, ఎటూ తూలకుండా వెళ్లింది.

కిటుకంతా తోకలో ఉంది. అడ్డంగా ఉండే ఆ చిన్న రెక్కను పెద్ద రెక్క కంటే సుమారు 8 డిగ్రీలు తక్కువ కోణంలో బిగించాడు. బరువును కాస్త ముందుకు ఉంచాడు. ముక్కు దిగితే వేగం పెరుగుతుంది, గాలి తోకను ఎక్కువగా కిందికి నొక్కుతుంది, ముక్కు లేస్తుంది. ముక్కు మరీ లేస్తే వేగం తగ్గి ఆ నొక్కుడూ తగ్గుతుంది, ముక్కు దిగుతుంది. అంటే విమానం తనను తానే సర్దుకుంటుందన్నమాట. ఇవాళ సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు కూడా తోక అమరిక కింద పలచని రేకులు పెట్టి ఈ కోణాన్నే సరిచూసుకుంటారు.

1876లో పాల్ గోషో అనే మెకానిక్‌తో కలిసి ఇద్దరు కూర్చునే విమానానికి పేటెంటు తీసుకున్నాడు. నేల మీదా నీటి మీదా దిగగలిగేది, చక్రాలు లోపలికి ముడుచుకునేది. కాగితం మీద అన్నీ ఉన్నాయి, కట్టడానికి డబ్బిచ్చేవాళ్లే లేరు. పైగా జబ్బు, ఎగతాళి. 1880 అక్టోబరులో, 30 ఏళ్లకే, తన ప్రాణం తానే తీసుకున్నాడు. పిల్లలకు ఇది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. దాచడం న్యాయం కాదనిపించింది.

అంతకు రెండేళ్ల ముందు, 1878లో, అమెరికాలో ఒక తండ్రి ఊరి నుంచి వస్తూ ఇద్దరు కొడుకులకు రబ్బరుతో ఎగిరే బొమ్మ తెచ్చాడు. పేనో నమూనాలోనిదే. పిల్లలు దాన్ని విరిగేదాకా ఎగరేసి, తర్వాత అలాంటివే సొంతంగా చేసుకున్నారు. వాళ్లు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్.

— ప్రధానోపాధ్యాయుడు