జార్జి ముల్లరుగారి ప్రాతఃకాలము

ప్రష్యాదేశమున 1805లో జన్మించిన జార్జి ముల్లరుగారు 1836లో ఇంగ్లండునందలి బ్రిస్టలు పట్టణమున అనాథశాల నెలకొల్పిరి. ఆయన భార్య మేరీగారు, గోదావరి ప్రాంతమున సేవచేసిన బౌడెను, బీరు దొరలను అదే సంవత్సరమున మన దేశమునకు తోడ్కొనివచ్చిన గ్రోవ్సుగారి సహోదరి.

పది సంవత్సరములకు పైగా ముల్లరుగారు ఉదయమున వస్త్రములు ధరించిన వెంటనే ప్రార్థనకు పూనుకొనెడివారు. అయితే తలంపులు చెదరిపోయెడివి. ఒక్కొక్కప్పుడు అరగంట గడచినను హృదయము కుదుటపడెడిది కాదు. ప్రియ చదువరీ, సంతోషించుమని మనస్సును గద్దించినంత మాత్రమున అది సంతోషించునా?

1841 వసంతకాలమున ఆయనకు ఒక సంగతి తేటపడెను. సేవకంటెను ముందుగా, దినారంభమున, తన ఆత్మ ప్రభువునందు ఆనందించునట్లు చూచుకొనుటయే తన మొదటి పని. అందుకై నాటినుండి ముందు వాక్యమును తెరచుచుండిరి. ప్రసంగములకు సరుకు వెదకుట మాని (బోధకులమైన మనకిది కఠిన నియమమే), తన ఆత్మకు ఆహారము కొరకే చదివిరి. క్రొత్త నిబంధన మొదటినుండి ఒక్కొక్క వచనమును ధ్యానించుచుండగా, కొద్ది నిమిషములలోనే ఒప్పుకోలు, స్తుతి, విజ్ఞాపన వాటంతటవే పుట్టుచుండెను. వీలున్నప్పుడు పెద్ద అక్షరముల క్రొత్త నిబంధన చేతబట్టుకొని, ఫలహారమునకు ముందు పొలములలో నడచుచు ధ్యానించెడివారు.

ఆ సంవత్సరాంతమున గొప్ప పరీక్ష వచ్చెను. 1842 ఏప్రిలు వరకు, సుమారు నూరుగురు పిల్లలకు ఆ పూట భోజనమునకైనను సొమ్ము చాలని దినములు పలుమారు కలిగెను. ఆయన ఏ మనుష్యుని యాచింపలేదు; ప్రాతఃకాల ధ్యానమును విడువలేదు. 1898 మార్చి 10న, తొంబదిరెండేండ్ల వయస్సున, ఉదయవేళనే ప్రభువు సన్నిధి చేరిరి.