బిడ్డను లాక్కున్నారు... బడులు అప్పజెప్పారు!

అనిబిసెంట్ అనగానే మనకు హోమ్‌రూల్ ఉద్యమం గుర్తొస్తుంది. 1917లో కాంగ్రెస్‌కు అధ్యక్షురాలైన తొలి మహిళ అని చిన్నప్పుడు చదువుకున్నాం. మదనపల్లెలో 1915లో ఆమె పెట్టించిన కాలేజీ రాయలసీమవాళ్లకు బాగా తెలుసు. కానీ మన దేశంలో అడుగు పెట్టకముందే ఆమె లండన్‌లో ఓ ఎన్నికలో నిలబడి గెలిచారన్న సంగతి ఎంతమందికి తెలుసు?

అనీ 1847లో లండన్‌లో పుట్టారు. ఇరవై ఏళ్లకే ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి మతగురువుతో పెళ్లయింది. బాబు డిగ్బీ, పాప మేబెల్. దేవుడి మీద నమ్మకం సడలిన ఇల్లాలు మతగురువు ఇంట్లో ఎలా ఇముడుతుంది? 1873లో ఇద్దరూ విడిపోయారు. బాబు తండ్రి దగ్గర, పాప తల్లి దగ్గర ఉండిపోయారు.

ఏటా ఓ బిడ్డను కంటూ ఆరోగ్యం పాడు చేసుకుంటున్న పేదింటి ఆడవాళ్లను చూసి ఆమె ఊరుకోలేకపోయారు. 1877లో చార్లెస్ బ్రాడ్లాతో కలిసి కుటుంబ నియంత్రణ మీద ఓ చిన్న పుస్తకం అచ్చేయించారు. అంతే, అశ్లీలమంటూ కేసు పెట్టారు. పై కోర్టులో సాంకేతిక కారణంతో శిక్ష తప్పింది గానీ, అంతకంటే పెద్ద శిక్షే పడింది. అలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదంటూ 1878లో మరో కోర్టు మేబెల్‌ను తండ్రికి అప్పగించింది. అప్పటికి పాపకు ఎనిమిదేళ్లు కూడా నిండలేదు.

ఇంకొకరైతే ఇల్లు కదిలేవారు కాదేమో. ఆమె మాత్రం పరాయి బిడ్డల కోసం వీధిలోకొచ్చారు. 1888 వేసవిలో తూర్పు లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లల అరకొర జీతాల గురించి, అందులోంచి కోసుకునే జరిమానాల గురించి పత్రికలో రాశారు. సుమారు 1,400 మంది పని మానేశారు. వాళ్ల కోసం ఆమె విరాళాలు పోగు చేశారు. చివరికి యాజమాన్యం దిగొచ్చింది.

ఆ ఏడాది నవంబరులోనే లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికలొచ్చాయి. ఊళ్లో బడులు కట్టించడం, పన్ను డబ్బుతో వాటిని నడపడం ఈ బోర్డు పని. ఇంగ్లండ్‌లో స్త్రీలు పార్లమెంటుకు ఓటేయాలంటే 1918 దాకా ఆగాల్సి వచ్చింది. స్కూల్ బోర్డుకు మాత్రం 1870 చట్టం ప్రకారం పోటీ చేయొచ్చు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉన్న టవర్ హామ్లెట్స్ నుంచే అనిబిసెంట్ నిలబడ్డారు.

జడలో ఎర్ర రిబ్బను కట్టుకుని సభసభకూ తిరిగారు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లాడికి పాఠం ఎక్కదు, ముందు అన్నం పెట్టండి... ఇదే ఆమె ప్రచారం. దేవుణ్ణి నమ్మని మనిషి అని, పాడు పుస్తకం అచ్చేసిందని ప్రత్యర్థులు పాత కథంతా తవ్వారు. పేటలో జనం ఆ మాటలేవీ పట్టించుకోలేదు. 15 వేలకు పైగా ఓట్లతో ఆమెను అందరికంటే ముందు నిలబెట్టారు. ఒక్క బిడ్డను పెంచే అర్హత లేదని కోర్టు తేల్చిన మనిషికి, పదేళ్లు తిరిగేసరికి వేలమంది పిల్లల చదువు అప్పజెప్పారన్నమాట!

ఇదేమంత చిన్న గెలుపు కాదు. 1889 జనవరిలో లండన్ కౌంటీ కౌన్సిల్‌కు గెలిచిన మార్గరెట్ శాండ్‌హర్స్ట్ మీద ఓడిన అభ్యర్థి కేసు వేశాడు. స్త్రీకి ఆ పదవి చెల్లదని కోర్టు తేల్చి, సీటు అతనికే ఇచ్చింది.

బోర్డులో అనిబిసెంట్ కుర్చీకి అలంకారంగా కూర్చోలేదు. బోర్డు కాంట్రాక్టులు తీసుకునేవాళ్లు కూలీలకు న్యాయమైన జీతమివ్వాలన్న నిబంధన కోసం పట్టుబట్టారు. 1889లో బోర్డు దాన్ని ఒప్పుకుంది. పేద పిల్లల భోజనం కోసం, ఫీజులు లేని చదువు కోసం వాదించారు. ప్రాథమిక బడుల్లో చాలావాటికి 1891 చట్టంతో ఫీజుల బెడద తప్పింది. బడి భోజనానికి 1906లో చట్టమొచ్చింది. ఇవన్నీ ఆమె ఒక్కరి ఘనతే కాదు గానీ, ముందు గట్టిగా అడిగినవాళ్లలో ఆమె ఉన్నారు.

1891లో ఆమె మళ్లీ పోటీ చేయలేదు. అప్పటికే దివ్యజ్ఞాన సమాజం వైపు మళ్లారు. 1893లో మన దేశం వచ్చి, 1933లో మద్రాసు అడయారులో కన్నుమూసేదాకా ఇక్కడిమనిషిగానే ఉన్నారు.

మరి మేబెల్? పెరిగి పెద్దయ్యాక, ఏ కోర్టూ చెప్పకుండానే, అన్నతోపాటు తానూ తల్లి దగ్గరికే తిరిగొచ్చింది.