కలం పట్టకుండా కలంకారీని నిలిపిన కమలాదేవి

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

తిరుపతిలో బస్సెక్కితే గంటలో శ్రీకాళహస్తి చేరుకుంటాం. దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లం పట్టుకుని మళ్ళీ బస్సెక్కేస్తాం. అదే ఊళ్ళో వెదురు కలంతో రామాయణమంతా ఒకే గుడ్డ మీద గీసే మనుషులున్నారని మనలో ఎంతమందికి తెలుసు? నాకూ మొన్నటిదాకా తెలియదు. తెలిశాక, ఆ కళ చచ్చిపోకుండా కాపాడినవాళ్ళలో ముఖ్యురాలైన కమలాదేవి చట్టోపాధ్యాయ జీవితం చదివాను. అందులో నాకు తోచిన నాలుగు సంగతులు మిత్రులతో పంచుకోవాలని ఈ చిన్న వ్యాసం.

కమలాదేవి 1903లో మంగళూరులో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ కాలంలో అలాంటి ఆడపిల్లకు ఇంటి మూలే గతి. కానీ ఆమె మద్రాసు వెళ్ళి చదువుకుంది. మన హైదరాబాదులో పుట్టి పెరిగిన కవి, సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్‌ను పెళ్ళాడింది. లోకం ఏమనుకుంటుందోనని వెనక్కి తగ్గలేదు. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్ది ఓట్లతో ఓడిపోయింది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆడవాళ్ళకూ చోటుండాలని గాంధీజీ దగ్గర పట్టుబట్టింది. బొంబాయిలో ఉప్పు చేసి అమ్మింది, జైలుకు పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక చాలామంది పదవులు చూసుకున్నారు. ఈమె మాత్రం శరణార్థుల దగ్గరికి పోయింది. 1948లో సహకార సంఘం స్థాపించి, సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు తమ ఇళ్ళు తామే కట్టుకునేలా ఫరీదాబాదులో పని చేసింది. ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు అనే తేడా లేకుండా అందరూ కలిసి చేసుకోవాలన్నదే ఆమె పద్ధతి. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలైనప్పుడు ఆ పద్ధతినే చేతిపనుల్లోకి తెచ్చింది.

అప్పటికి కాళహస్తి కలంకారీ కొన ఊపిరితో ఉంది. మిల్లు గుడ్డ, రసాయన రంగులు వచ్చాయి. గుళ్ళకు తెరలు రాయించేవాళ్ళు తగ్గిపోయారు. కలం పట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. 1950ల చివర్లో ఆ బోర్డు శిక్షణ కేంద్రాన్ని ఢిల్లీలోనో మద్రాసులోనో కాకుండా కాళహస్తిలోనే పెట్టింది. ఆ ఊరి పనివాళ్ళే గురువులు, ఆ ఊరి పిల్లలే శిష్యులు. తండ్రి లక్ష్మయ్య దగ్గర కలం పట్టిన జొన్నలగడ్డ గురప్పశెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారంటే ఆ విత్తనం ఎలా మొలిచిందో చూడండి.

సైన్సు విద్యార్థిని గనుక ఆ పని నాకు ఇంకో విధంగా కూడా నచ్చింది. గుడ్డను కరక్కాయ కలిపిన బర్రెపాలలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. చింతబరికె బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన కసిం తగలగానే కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నల్లటి గీత పడుతుంది. పటిక పూసిన చోట మాత్రమే చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. మన లాబొరేటరీలో సీసాల్లో చేసేదాన్ని వాళ్ళు కుండల్లో చేస్తున్నారు! బెల్లం, పాలు, చింతబరికె అన్నీ మా ఇంట్లో ఉండేవే. భూమి నుంచి వచ్చి మళ్ళీ భూమిలో కలిసేవే.

కమలాదేవి ఆ గుడ్డ మీద ఒక్క గీత గీయలేదు. ఇలా గీయండని పనివాడికి చెప్పలేదు. అతనికి తెలిసినదాన్ని గౌరవించి, అతని ఊళ్ళోనే శిష్యుల్ని చూపించి, పట్నంలో ఎంపోరియంల ద్వారా కొనేవాళ్ళను చూపించింది. గుడి తెర క్రమంగా గోడ చిత్రమైంది, చీరైంది. కథ మాత్రం పోలేదు. డిజైన్ అంటే కాగితం మీద సొగసుగా గీయడమే అనుకుంటాం. పనివాడు తన కాళ్ళ మీద నిలబడేలా ఏర్పాటు చేయడమూ డిజైనే అని ఈమె జీవితం చెబుతుంది. 1966లో మెగసెసె, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988లో కన్నుమూసింది.

రైతుబిడ్డగా నాకు ఇది మనసుకు తగిలింది. మాకు పథకాలు వేసేవాళ్ళు ఎక్కడో కూర్చుని వేస్తారు. కయ్యలో దిగేవాణ్ణి అడిగేవాళ్ళు తక్కువ. ఈ చదువయ్యాక మట్టి ముట్టకూడదని మా నాయన కోరిక. ఆయన బాధ నాకు తెలుసు. కానీ చేతిపని చిన్నతనమనే మాట మాత్రం ఇక ఒప్పుకోలేను.

ఇంకొక్క సంగతి. పటిక ఎక్కువైతే మరక పడుతుంది కాబట్టి ఆ గుడ్డను పారే నీళ్ళలో ఉతకాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ కళ పెరిగింది అందుకే. ఆ ఏరు ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఇసుక తోడి, నీళ్ళు తోడి ఏటిని ఎండబెడితే కాళహస్తిలో కలమూ ఎండుతుంది, మా పొలంలో బావీ ఎండుతుంది. 2022లో జిల్లా విడిపోయినా, చిత్తూరువాళ్ళమైనా తిరుపతివాళ్ళమైనా ఈ ఏరు మనందరిదీ. కమలాదేవి మనుషుల్ని నిలిపిపోయింది. ఏటిని నిలపడం మన వంతు. ఈసారి కాళహస్తి పోయినప్పుడు గుడి నుంచి నేరుగా బస్టాండుకు పోకండి. ఆ వీధుల్లో కలం పట్టిన ఒక్క మనిషి దగ్గరైనా కాసేపు కూర్చుని రండి.