అరువు కథకు సొంత సొగసు దిద్దిన రాజాం రచయిత పింగళి

తోటరాముణ్ణి, ఘటోత్కచుణ్ణి తెలుగువారి ఇంటి మనుషులుగా చేసిన సినీ రచయిత పింగళి నాగేంద్రరావు రాజాంలో 1901 డిసెంబరు 29న జన్మించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలోని రాజాం తరువాత శ్రీకాకుళం జిల్లాలో చేరింది. 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది.

చిన్ననాడే బందరు చేరిన పింగళి అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివారు. ఖరగ్‌పూర్ రైల్వేలో కొంతకాలం పనిచేశారు. ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగు చేశారు. పరాయి కథను మన నుడికారంలో పలికించడం ఆయనకు అక్కడే అలవడింది. వింధ్యరాణి నాటకంతో పేరు వచ్చింది.

దర్శకుడు కె.వి.రెడ్డితో కలిసిన తరువాత ఈ విద్య వెండితెరపై రాణించింది. షేక్స్‌పియర్ లియర్ రాజు కథ 1949లో గుణసుందరి కథ అయింది. 1951లో వచ్చిన పాతాళభైరవికి కాశీ మజిలీ కథలు, అల్లావుద్దీన్ కథ ఆధారం. అప్పటికే థీఫ్ ఆఫ్ బాగ్దాద్ వంటి విదేశీ చిత్రాలు మాంత్రికులను, మహాభూతాలను తెరకెక్కించాయి. పాతాళభైరవిలో మాత్రం దీపపు భూతం స్థానంలో అమ్మవారు వెలిశారు. కథానాయకుడు ఉజ్జయిని తోటమాలి కొడుకయ్యాడు.

మాయాబజార్ కూడా కొత్త కథ కాదు. శశిరేఖా పరిణయం 1936లోనే సినిమాగా వచ్చింది. అయినా 1957 నాటి మాయాబజార్ ముందు పాతవి వెలవెలబోయాయి. గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం ద్వారకకు కొత్త అందం తెచ్చాయి. అసమదీయులు, తసమదీయులు వంటి పింగళి పదాలు జనం నాలుకలపై నిలిచాయి. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులు ఒక్కసారీ కనిపించరు. ఆ లోటు ప్రేక్షకులకు తోచనే తోచదు.

ఒక సినిమా దృశ్యం మరో సినిమాకు ప్రాణం పోయడానికి మంచి ఉదాహరణ 1961 నాటి జగదేకవీరుని కథ. దీనికి మూలం 1944లో పి.యు.చిన్నప్ప నటించిన తమిళ చిత్రం జగదల ప్రతాపన్. ఒకే నటుడు గాయకుడుగా, వాద్యకారులుగా ఏకకాలంలో కనిపించే కెమెరా చమత్కారం అందులోదే. తెలుగులో ఆ ఘట్టానికి పింగళి శివశంకరీ పాట రాశారు. పెండ్యాల స్వరపరచగా విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల గానం చేశారు. ఎన్.టి.రామారావు అనేక రూపాలలో కనిపించారు. నేడు ఆ దృశ్యమంటే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది ఈ పాటే.

అనుకరణ అనే మాట ఇక్కడ చాలదు. చూసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్లు దించితే నకలవుతుంది. దానికి మన మాట, మన రాగం, మన వేషం అమర్చితే సొంతమవుతుంది. బృందమంతా చేసిన ఆ పనిలో మాట వంతు పింగళిది.

జీవితాంతం బ్రహ్మచారిగా ఉన్న పింగళి 1971 మే 6న కన్నుమూశారు. మాయాబజార్ 2010లో రంగులద్దుకుని మళ్లీ విడుదలైంది. రంగు కొత్తదైనా మాటలు మాత్రం రాజాం బిడ్డ రాసినవే.