వేదనాయకముగారి కుమారుడు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 1 మరియు 2 అధ్యాయములు, 8:1–3, 2 తిమోతి 1:5



అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసినప్పుడు అతని అవ్వయైన లోయి పేరును, తల్లియైన యునీకే పేరును తలంచుకొనెను. తండ్రి పేరు వ్రాయలేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో ఆ తండ్రి గ్రీసుదేశస్థుడని మాత్రమే ఉన్నది. మన కొండ గ్రామములలో సంఘపు పుస్తకము తెరచినప్పుడెల్ల మాకీ సంగతి జ్ఞాపకము వచ్చును. పుస్తకములో ప్రతి కుటుంబమునకు ముందు తండ్రి పేరే ఉన్నది. ఆదివారము చాపమీద కూర్చున్నవారు మాత్రము అవ్వలు, తల్లులు, పిల్లలు. తండ్రి కాఫీ తోటలో ఉండును, లేదా మిరియముల బేరమునకు సంతకు పోయియుండును, లేదా సంత ముగిసి చీకటి పడినను ఇల్లు చేరకయుండును.

పిల్లలకు భక్తి నేర్పుట ఆడవారి పని, పాస్టరుగారి పని అని మాతో చెప్పిన తండ్రులు ఒకరిద్దరు కారు. గనుక ఈ నెల ఒక తండ్రినిగూర్చియు, ఆయన కుమారునిగూర్చియు వ్రాయ నిశ్చయించితిమి. కుమారుని పేరు మీలో అనేకులు వినియుందురు. ఆయన డోర్నకల్ బిషప్ వేదనాయకము సమూయేలు అజరయ్యగారు. తండ్రి పేరు అంతగా ఎవరును చెప్పుకొనరు. ఆయన ఆంగ్లికన్ సంఘమువారు. మన కొండలలో బాప్తిస్టులు, లూథరనులు ఎక్కువ. అయినను తెలుగు పల్లెలకొరకు అంతగా ప్రయాసపడిన మనుష్యుని దగ్గర నేర్చుకొనుటకు సంఘశాఖ అడ్డము కారాదు.

తిరునల్వేలి సీమ ఇసుక నేల. తాటిచెట్లు అక్కడి జనుల జీవనాధారము. ఆ సీమలో నాడారు కులమునకు చెందిన ఒక వర్తకుల ఇంటి బాలుడు చర్చి మిషనరీ సొసైటీవారి పాఠశాలలో చదువుచు, 1839లో క్రీస్తును నమ్మి థామస్ వేదనాయకము అను పేరు పొందెను. అతని తండ్రి క్రైస్తవుడు కాడు. ఇంట కుటుంబ ప్రార్థన ఏలాగుండునో ఆ బాలుడు తన తండ్రి దగ్గర చూచినవాడు కాడు. మనలో పెద్దవారైన తాతలు అనేకులు ఈ బాలునివంటివారే. తండ్రి దేవతలను విడిచి వచ్చినవారు, గ్రామపు పండుగకు చందా ఇయ్యనందుకు తప్పు కట్టినవారు, తమ పిల్లలకు తండ్రిగా ఏమి చేయవలెనో తమ ఇంట నేర్చుకొనుటకు వీలు లేనివారు.

వేదనాయకముగారు పెద్దవాడై గురువుగా అభిషేకము పొంది వెళ్లాళన్‌విళై అను గ్రామములో సంఘమును కాచిరి. భార్య ఎల్లెన్ అమ్మగారు మిక్కిలి ప్రార్థనాపరురాలు. ఒక కుమార్తె కలిగిన తరువాత అనేక సంవత్సరములు వారికి మరి సంతానము లేదు. హన్నావలె ఆమె ఒక కుమారునికొరకు దేవుని వేడుకొని, కలిగినయెడల ఆయన సేవకు ఇచ్చెదనని మ్రొక్కుకొనెను. 1874 ఆగస్టు 17న కుమారుడు పుట్టెను. సమూయేలు అని పేరు పెట్టిరి.

ఇక్కడ కొంచెము నిలిచి, పరిశుద్ధ గ్రంథములోని మొదటి సమూయేలు ఇంటిలోనికి తొంగిచూతము. హన్నానుగూర్చి ప్రసంగములు ఎన్నియో వింటిమి, మేమును చేసితిమి. ఎల్కానానుగూర్చి ఎవరును ప్రసంగించగా వినలేదు. ఆ మనుష్యుడు ఏమి చేసెను? ఏటేట తన ఇంటివారినందరిని వెంటబెట్టుకొని షిలోహుకు పోవుచుండెను. భార్యలను, పిల్లలను ముందు పంపి తాను వెనుక వచ్చెదనని చెప్పలేదు. బలి అర్పించి ప్రతివానికి వాని పాలు తన చేతితో పంచిపెట్టెను. మరియొక సంగతి కలదు. సంఖ్యాకాండము 30వ అధ్యాయము ప్రకారము భార్య చేసిన మ్రొక్కుబడిని విన్న దినమున భర్త రద్దు చేయవచ్చును. ఎల్కానా రద్దు చేయలేదు. ఎన్ని ఏండ్లో కనిపెట్టగా కలిగిన కుమారుని దేవాలయమున విడిచిపెట్టుటకు ఆ తండ్రి ఒప్పుకొనెను. ఆయన ఒప్పుకొననియెడల హన్నా మ్రొక్కు అక్కడితో ఆగిపోయియుండును.

వెళ్లాళన్‌విళైలోను ఆలాగే జరిగెనని మా తలంపు. తల్లి మ్రొక్కెను, తండ్రి దానికి తోడుగా నిలిచెను. గ్రామ గురువు ఇల్లు గనుక ఉదయ సాయంకాలములు ప్రార్థన, వేదపఠనము, కీర్తనలు ఆ బాలునికి అన్నముతోపాటు లభించినవి. తరువాత బాలుని దూరమందున్న హాస్టలు పాఠశాలకు పంపిరి. 1889లో వేదనాయకముగారు ప్రభువునందు నిద్రించిరి. కుమారునికప్పుడు సుమారు 15 ఏండ్లు. తండ్రితో గడిపిన దినములు అంతమాత్రమే. ఆ కొద్ది దినములలో వేసిన పునాదిమీద మిగిలినదంతయు కట్టబడెను.

మన పిల్లలును చిన్నతనమందే ఆశ్రమ పాఠశాలలకు వెళ్లుచున్నారు. సంక్రాంతికి, వేసవికి ఇంటికి వచ్చెదరు. ఏడాదిలో తండ్రికి దొరకు రాత్రులు లెక్కపెట్టినయెడల అవి కొద్దివే. హన్నా ఏటేట చిన్న అంగీ కుట్టి షిలోహుకు తీసికొనిపోవుచుండెనని వ్రాయబడియున్నది. ఎల్కానాయు ఆమెతో కూడ వెళ్లుచుండెను. హాస్టలుకు బిడ్డను చూడబోవు తండ్రి బిస్కెట్ల పొట్లము పట్టుకొనిపోవుట మంచిదే. బిడ్డ తలమీద చేయి ఉంచి, అక్కడ గోడ ప్రక్కనైనను నిలుచుండి, రెండు మాటలు ప్రార్థించి వచ్చిన తండ్రులు ఎందరు?

అజరయ్యగారి విద్యాభ్యాసమును త్వరగా చెప్పి ముగింతుము. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిరి; జబ్బుచేత చివరి పరీక్ష తప్పిపోయి పట్టా దొరకలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతట యౌవనులమధ్య పనిచేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతియైన కన్యను వివాహమాడిరి. కట్నము తీసికొనలేదు, ఆడంబరపు ఖర్చు పెట్టలేదు. ఆ దినములలో క్రైస్తవుల ఇండ్లలో సహితము అది వింతగా తోచెను. మన కొండలలో పూర్వము వరునివారే ఓలి ఇచ్చెడివారు. మైదానపు కట్నము ఇప్పుడు ఘాట్ రోడ్డెక్కి మన గ్రామములలోనికి వచ్చుచున్నది. ఈ సంగతి పెండ్లి మాటలాడు తాతలు గమనించవలెను.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. ప్రవక్తయైన సమూయేలు ముసలివాడైనప్పుడు అతని కుమారులైన యోవేలును, అబీయాయు బెయేర్షెబాలో లంచములు పుచ్చుకొని న్యాయము త్రిప్పివేసిరి. ఇశ్రాయేలంతటికి ప్రార్థించిన మనుష్యుని ఇంట ఈలాగు జరిగెను. భక్తి పొలమువలె పట్టాతో కుమారునికి సంక్రమించదు. తిరునల్వేలి సంఘములు అజరయ్యగారి కాలమునకు తాతల నాటి సంఘములైనవి. గుడులు, బడులు ఉన్నవి. అయితే ఆ సంఘములు తమ భాష దాటి ఇతర జనులకు సువార్త పంపుట లేదు. 1902లో అజరయ్యగారు సింహళ ద్వీపములోని జాఫ్నాకు వెళ్లి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ స్వంత కానుకలతో వేరొక చోట మిషను నడుపుట చూచిరి. తన జనమునుగూర్చి సిగ్గుపడిరి. మరుసటి యేట, 1903లో, భారత మిషనరీ సంఘము తిరునల్వేలిలో స్థాపింపబడెను. దాని పొలముగా నిజాము రాజ్యములోని తెలుగు ప్రాంతమైన డోర్నకల్ ఏర్పడెను. 1905 క్రిస్మసు దినమున సెరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము పుట్టినప్పుడును ఆయన ముందున్నవారిలో ఒకరు.

ఇతరులను పంపి తాను ఇంట ఉండుట ఆయన మనస్సునకు నెమ్మది కలుగజేయలేదు. 1909లో అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. అప్పుడది అడవి ప్రక్కనున్న చిన్న ఊరు. ఇప్పుడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో నున్నది. 35 ఏండ్ల వయస్సున తెలుగు అక్షరములు దిద్దిరి. 1910లో ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీలు ఇచ్చిన త్యాగములను ఒప్పుకొనుచునే, మాకు స్నేహము కావలెనని నిర్భయముగా అడిగిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో ఆయనే మొదటి బిషప్.

డోర్నకల్ పల్లెలలో ఆయనకు కనబడినవారు ఎవరు? మాలలు, మాదిగలు, పాలేర్లు, అప్పులలో పుట్టి అప్పులలో చచ్చు కుటుంబములు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెము ప్రాంతమున కోయలు. వారిలో అనేకులైన తండ్రులకు క్రైస్తవుడైన తండ్రి లేడు. అట్టివాడు వేదనాయకముగారివలె మొదటివాడే. అజరయ్యగారు వారినిగూర్చి నిరాశపడకపోవుటకు ఒక కారణము తన ఇంటనే ఉన్నదని మా నమ్మకము. వర్తకుని కుమారుడు గ్రామ గురువగుట ఆయన ఇంటిలో జరిగిన పని. పల్లెలోని పాలేరు తన ఇంటికి యాజకుడగుట ఆయనకు అసాధ్యముగా తోచలేదు.

బాప్తిస్మమునకు ముందు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు కంఠపాఠము చేయవలసియుండెను. చదువు రానివారికి పాటలచేతను, కథలచేతను నేర్పిరి. పగలంతయు దొర పొలములో పనిచేసి వచ్చిన కుటుంబములు రాత్రి గ్రామోపదేశకుని దగ్గర దీపమునొద్ద కూడుకొనిరి. తండ్రి ఒక ప్రక్క, కుమారుడు ఒక ప్రక్క అదే పాఠము వల్లించుట మనము తలంచుకొనవచ్చును. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని బిషప్పుగారు బోధించిరి. నాలుగవ దయ్యము వెళ్లినయెడల తక్కిన మూటికి తావు తక్కువగునని మన కొండలలో సారా కాచు ఇండ్లను ఎరిగిన మేము చెప్పగలము.

ఇంకొక ఆచారము మమ్మును మిక్కిలి కదలించుచున్నది. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద పెట్టుకొని, సువార్త ప్రకటింపకపోయిన యెడల తమకు శ్రమ అని ఒప్పుకొనవలెనని ఆయన కోరుచుండిరి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటయే అది. అక్షరము రాని మనుష్యుడు, నిన్నటివరకు ఇతరుల యెదుట తల వంచి నిలిచినవాడు, తన చేతిని తానే ఎత్తి తలమీద ఉంచుకొనుట! అటువంటివాడు మొదట ఎవరికి ప్రకటించును? తన ఇంట చాపమీద నున్న పిల్లలకే గదా.

ఫలము కలిగెను. ఆరుగురు దేశీయ గురువులతో ఆరంభమైన డయోసిస్‌లో 1935 నాటికి సుమారు 250 మంది దేశీయ గురువులు, 2,000 మందికి పైగా గ్రామోపదేశకులు ఉండిరి. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. పల్లెలలోని పాలేర్ల బ్రతుకు మారుట చూచి, 1930 తరువాతి సంవత్సరములలో పై కులములవారును అనేకులు వచ్చిరి. కోతపండుగకు జనులు ధాన్యము, కోళ్లు, మేకలు తెచ్చి అర్పించిరి. కానుకలనుగూర్చి ఆయన వ్రాసిన పుస్తకము అనేక భాషలలోనికి తర్జుమా చేయబడెను. దేవాలయపు మండపమువంటి స్తంభములును, మసీదువంటి గుమ్మటములును కలిసిన డోర్నకల్ కథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. చూడని మన యౌవనులు ఒకసారి వెళ్లి చూడదగినది.

అజరయ్యగారికి నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. నెలలో అనేక దినములు ఎడ్లబండిమీద గ్రామములు తిరుగు తండ్రికి ఇంట ఉండు సమయము ఎంత? అన్బు అమ్మగారు ఆ ఇంటి భారమును, స్త్రీలమధ్య సేవను కూడ మోసిరి. ఊరంతటికి బోధించు మాబోటి సేవకుల పిల్లలు ఇంట ఆకలిగా నుండు అపాయము ఉన్నదని ఇక్కడనే ఒప్పుకొనవలెను. ఏలీ ఇంటి కథ మా చదువులో మాకు మొదట బోధింపబడినవాటిలో ఒకటి. తెల్లవారకముందే లేచి ప్రార్థించుట బిషప్పుగారి అలవాటు. తండ్రి మోకాళ్లూని యుండగా మేలుకొను బిడ్డకు వేరే ప్రసంగము అంతగా అవసరముండదు.

1944 చివర గ్రామ సంచారమునుండి జ్వరముతో తిరిగివచ్చి, 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన ప్రభువు సన్నిధికి చేరిరి. 1919లో తరంగంబాడిలో ఆరంభించి ఆయన ఎంతో పాటుపడిన సంఘముల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. ఆయన దానిని చూడలేదు. వేదనాయకముగారును తన కుమారుడు బిషప్పగుట చూడలేదు. తిరునల్వేలి ఇసుకలో నిద్రించిన ఆ గ్రామ గురువు, తెలుగు అను భాషలో తన కుమారుడు ప్రార్థించునని తలంచియుండునా?

ఈ నెల కుటుంబ ప్రార్థనలకు 1 సమూయేలు గ్రంథము 1 నుండి 8 అధ్యాయములు నియమించితిమి. రాత్రికి సగము అధ్యాయము చాలును. కాఫీ పండ్లు ఏరు దినములలో అలసట ఉండునని ఎరుగుదుము; అన్నమునకు ముందే చదువుడి, తరువాతనైనచో నిద్ర వచ్చును. సంతనాడు ప్రార్థన మానకుడి, ఆ రాత్రే తండ్రి ఇంటనుండుట అవసరము. చదువు రాని తాత ఉన్న ఇంట మనుమరాలు చదువవలెను, తాత ప్రార్థన చేయవలెను. ఆయన తన మాతృభాషలోనే, కువిలోగాని కోదులోగాని మరి దేనిలోగాని, ప్రార్థించవచ్చును.