విశ్వనాథవారి ధారణ

వైరా నుండి భద్రాచలమునకు పోవు యాత్రికులకు పాల్వంచ ప్రాంతమున కిన్నెరసాని కనబడును. ఆ వాగును వనితగా భావించి పాటలు కట్టిన మహాకవి విశ్వనాథ సత్యనారాయణగారు. వారు 1895లో కృష్ణామండలమందలి నందమూరున జన్మించిరి.

బందరు పాఠశాలలో వారి గురువైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు గొప్ప శతావధాని. నూర్గురు పృచ్ఛకులకు చెప్పిన పద్యములను మనస్సున నిలిపి, తడబడక అప్పగించుట ఆ విద్య. అట్టి ధారణయే శిష్యునకు కథారచనలో అక్కఱకు వచ్చెననవచ్చును.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ జరిపెను. విశ్వనాథవారు చెప్పుచుండగా తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాయ, 29 దినములలో 'వేయిపడగలు' ముగిసెనని ప్రసిద్ధి. నోట చెప్పువారికి వెనుకటి పుటలు తిరుగవేయు తీరిక యుండదు. పాత్రలా, పెక్కు! ఒకరి వయస్సో చుట్టఱికమో తాఱుమాఱైనచో కథ చెడును. కాని ఈ కథకంతకు సుబ్బన్నపేట యను ఒక్క గ్రామమే ఆధారము. హరప్ప కోటను, గిరిక వేణుగోపాలస్వామి గుడిని, గణాచారి సుబ్రహ్మణ్యేశ్వరుని అంటియుందురు. ఆధారము క్షీణించినకొలది ఆ మనుష్యులును క్షీణింతురు. ఈ బంధము నెఱిగిన రచయితకు ఎవరు ఎక్కడనున్నదియు మఱపు రాదు.

ఆ నవల అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'తో బహుమానమును పంచుకొనెను. పి.వి. నరసింహారావుగారు దానిని హిందీలోనికి అనువదించిరి. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము 'రామాయణ కల్పవృక్షము'నకు లభించెను. విశ్వనాథవారు 1976లో పరమపదించిరి.

బాలలారా! కథ వ్రాయునపుడు పాత్రలకు పేరులు పెట్టుటతో తృప్తి పడకుడు. ప్రతి మనిషికిని వేరు ఎక్కడనున్నదో మొదట తెలిసికొనుడు.