గబ్బిలానికి మొర చెప్పుకున్న వినుకొండ కవి

మీ ఇంట్లో పిల్లవాడు కథల పుస్తకం పట్టుకుంటే మీరేమంటారు? కట్టుకథలు మనకెందుకు, పవిత్ర గ్రంథం చదువుకోమంటారు కదూ! ఆ మాట అనేముందు మన పల్నాటి బిడ్డ ఒకరి జీవితం వినండి.

గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించారు. వారిది క్రైస్తవ కుటుంబం. మన కతోలిక శ్రీసభకు చెందినవారు కాకపోయినా ఆయన మనకు పరాయివారు కారు. సినిమాలకు మాటలు రాని 1915–16 ప్రాంతంలో, రాజమండ్రిలో తెరమీది బొమ్మలకు తగినట్లు కథ చదివి వినిపించే పని చేశారు. తరువాత గుంటూరులో ఉపాధ్యాయులుగా, తెలుగు పండితులుగా ఏళ్ల తరబడి పనిచేశారు.

కులం మాత్రం ఆయనను వదలలేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతనిని లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించారు. అటు హిందువులు అంటరానివాడన్నారు. ఇటు క్రైస్తవ పెద్దలు, పురాణ కథలు రాస్తున్నాడని నిరసించారు. రెండు వాకిళ్లూ మూసుకుపోయిన ఆ మనిషి నాస్తికత్వం వైపు మొగ్గారంటే ఆశ్చర్యమేముంది? ఆ పెద్దల స్థానంలో మనముంటే ఏం చేసేవారమో ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించండి.

1941లో ఆయన 'గబ్బిలం' వెలువడింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపితే, జాషువా గారి పేదవాడు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుని వద్దకు పంపాడు. ఎందుకో తెలుసా? గుడిలోకి గబ్బిలం పోగలదు, అతడు పోలేడు! ఇది కల్పితమే. కాని ఇందులోని ఆకలి, అవమానం కల్పితాలు కావు.

మన ప్రభువు చేసినదీ ఇదే కదా! మంచి సమరీయుడు, తప్పిపోయిన కుమారుడు ప్రభువు అల్లి చెప్పిన కథలే. నీ పొరుగువాడెవరో గుర్తించమని ఆ కథలు మనలను నిలదీస్తాయి. సాహిత్యం మానవుని కష్టసుఖాలను వెల్లడిస్తుందని, శ్రీసభ జీవితానికి అది ఎంతో ముఖ్యమని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. కథలు, కవితలు చదవడం ఇతరుల హృదయాన్ని ఆలకించడం నేర్పుతుందని ఫ్రాన్సిస్ పాపుగారు 2024లో ప్రత్యేకంగా ఒక లేఖే రాశారు.

జాషువా గారు చివరికి క్రీస్తు కథ వద్దకే వచ్చారు. ఆయన రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1970లో పద్మభూషణ్ వరించింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

తల్లిదండ్రులారా! రాసిందెల్లా మంచిది కాదు, నిజమే. ఏరి ఇవ్వండి, మీరూ కూర్చుని చదవండి. చదివాక పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: ఈ కథలో గుడి బయట నిలబడినవాడెవరు? ఆ తరువాత మీరూ ఒకటి అడుక్కోండి: వచ్చే ఆదివారం మన విచారణలో, పూజకు వచ్చి వెనుక వరుసలో ఒంటరిగా కూర్చునేదెవరు? అతని పక్కన చోటు ఖాళీగానే ఉంటుంది.